రాహేలమ్మ పెదవులు

రాహేలమ్మ పెదవులు కదలకుండా ఉండగా చూశామన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. తార్నాకలో నేనుండి చదువుకున్న మా మామయ్య ఇంటి ముందు నుంచి పొద్దున్నే యూనివర్సిటీకి నడిచి పోయేటప్పుడూ కదిలేవి, కాలేజీ వరండాలో నీళ్ల కుండలు కడిగేటప్పుడూ కదిలేవి. కొత్తగా చేరిన పిల్లలు తమనే తిట్టుకుంటోందనుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకుని ఒకరోజు ఆపి నిలదీశాను. మాది కడప. మాటకు మాట అప్పజెప్పందే నిద్రపట్టని ఇల్లు మాది.

"నిన్ను తిట్టలే బిడ్డా, నీ కోసమే అడుగుతున్న" అంది ఆమె. ఎవరిని అడుగుతున్నావంటే గడ్డం పైకెత్తి ఆకాశం చూపించింది.

ఆమెది లాలాగూడ వెనక బస్తీ. భర్త సామేలు రైల్వే షెడ్డులో ఇంజన్లకు బొగ్గు ఎగదోసీ ఎగదోసీ, దగ్గు ముదిరి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలను ఆమె కాలేజీలో నీళ్లు మోసే పెంచింది. చదువు రాదు. ఆదివారం చర్చిలో అయ్యగారు చదివింది విని మనసులో పెట్టుకునేది. ఆపకుండా ప్రార్థన చేస్తూ ఉండాలని ఆయన ఒకసారి చెప్పాడట. తక్కినవాళ్లు అది విని ఇంటికి పోయి అన్నం తిన్నారు. ఈమె పట్టుకుంది.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చాలదా, ఇంతసేపు ఏం ప్రార్థన అని అడిగాను. మా అవ్వ దీపం పెట్టి, దండం పెట్టుకుని పనిలో పడిపోయేది మరి.

"మా ఆయన చెప్పేటోడు బిడ్డా. ఇంజన్ల నిప్పు ఆరిపోయిందనుకో, మల్ల ముట్టిచ్చి బండి కదిలేటాలకు పొద్దు తిరుగుతది. ఆరకుండ ఇంతింత బొగ్గు ఏసుకుంట ఉండుడే నయం."

ఆ రాత్రి మాటకు మాట అప్పజెప్పకుండానే నిద్రపోయాను. మా ఇంటి పరువు ఆరోజు పోయింది.

పరీక్షలప్పుడు హాల్లో నీళ్లిచ్చే పని ఆమెది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో గ్లాసు. ప్రతి బెంచీ దగ్గరా ఆగేది, ఆ బెంచీలో కూర్చున్నవాళ్ల కోసం అడిగేది, ముందుకు పోయేది. ఆమె చేతి నీళ్లు ముట్టబోమని ఇంటి నుంచి మరచెంబులు తెచ్చుకునే మహానుభావులూ ఉండేవాళ్లు. నీళ్లు తప్పించుకున్నారు గానీ ప్రార్థన తప్పించుకోలేకపోయారు.

అరవై ఎనిమిది మార్చిలో నా బి.ఏ. చివరి పరీక్షలు. ఏ ఒక్క పేపరు తప్పినా కడప బస్సెక్కి వచ్చేయాలని మా నాన్న ముందే చెప్పేశాడు. ఎకనామిక్స్ పేపరు రోజు, అరగంట గడిచాక, రాహేలమ్మ నా బెంచీ దగ్గర ఆగింది. అప్పటికి నా కలం ముందుకు సాగడం లేదు. అందుకే కాబోలు ఆమె కాస్త ఎక్కువసేపే నిలబడింది. నేను తలెత్తి ఆమె మొహం చూశాను. మళ్లీ తల వంచి రాయడం మొదలుపెట్టాను. నేను చేసిన నేరం ఇంతే.

కాపలా ఉన్న లెక్చరరు చెన్నకేశవులు ఒక్క అంగలో వచ్చి నా పేపరు లాక్కున్నాడు. ఈమె పెదవులతో జవాబులు అందిస్తోంది, నేను చూసి రాస్తున్నాను అన్నాడు. ఇద్దరినీ ఆఫీసు గదికి నడిపించాడు.

అక్కడ పరీక్షల అధికారి అచ్యుతరామయ్యగారు. చెడ్డవాడు కాదు. గొడవంటే గిట్టనివాడు, మన పాలిట అది ఇంకా ప్రమాదం. ఆయన ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి, రాహేలమ్మను వేలిముద్ర వేయమన్నాడు. వేస్తే ఫిర్యాదు చింపేస్తానన్నాడు, నేను పోయి పరీక్ష రాసుకోవచ్చన్నాడు. రాసిందేమిటో చదవమంది ఆమె. ఇకమీదట డ్యూటీలో ప్రార్థన చేయను అని ఉంది అందులో.

"నేను చేస్త గద సారూ. అబద్ధానికి ఏలుముద్ర ఎట్ల ఏస్త?"

గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. ఇప్పుడు చెప్పబోయేదానికి ఈనాటికీ సిగ్గుపడతాను. నేను ఆమె చెయ్యి పట్టుకుని సిరా డబ్బా వైపు లాగాను. వేసెయ్, నీ సొమ్మేం పోయింది, తర్వాత నీ ప్రార్థన నువ్వు చేసుకో, ఎవరు చూడొచ్చారు అని ఏడ్చాను. నీ ప్రార్థన నా కొంప ముంచిందని కూడా అన్నాను.

ఆమె చెయ్యి విడిపించుకుంది.

"నీ పరీచ్చ నిలబెట్టుమని పొద్దటిసంది ఎవరిని అడుగుతున్ననో, ఆయన్నే వద్దని రాసిస్తె ఇగ ఎవరిని అడగాలె బిడ్డా?"

తర్వాత అధికారి వైపు తిరిగి, బకెట్టు కింద పెట్టి నిటారుగా నిలబడింది. నాలుగు రూపాయలు ఎక్కువిస్తామన్నా తగ్గిస్తామన్నా కిక్కురుమనని మనిషి, గొంతు పెంచకుండానే గదిలో అందరినీ ఆపేసింది.

"నాకు అచ్చరం రాదు సారూ. పిల్ల రాసింది సదువుండ్రి. అండ్ల నేను చెప్పింది ఒక్క ముక్కున్నా ఇద్దర్ని ఎల్లగొట్టుండ్రి. లేకుంటే పిల్లను పంపుండ్రి. నన్ను నౌకరీల నుంచి తీసేస్తే తీసేయుండ్రి. నేను మాత్రం ఆపను."

అచ్యుతరామయ్యగారు కళ్లజోడు పెట్టుకుని నేను రాసిన రెండు పేజీలూ చదివారు. "ఇందులో ఎవరి సాయమూ ఉన్నట్టు కనపడదయ్యా" అన్నారు చివరికి. అంత అవమానం నాకు మళ్లీ జరగలేదు, అంత మేలూ జరగలేదు. కాగితం మడిచి సొరుగులో పడేసి నన్ను పొమ్మన్నారు.

చెన్నకేశవులు ఒప్పుకోలేదు. హాల్లో ఆమె పెదవి కదిలితే తాను కాపలా ఉండనన్నాడు. అవతల ఎండకు నాలుక పిడచకట్టి పిల్లలు నీళ్లు, నీళ్లని బెంచీలు చరుస్తున్నారు.

"పెదిమెలు కదలొద్దు, అంతేనా సారూ?" అంది రాహేలమ్మ. గ్లాసు ముంచి నోటినిండా నీళ్లు పోసుకుంది. బుగ్గలు ఉబ్బి ఉండగానే బకెట్టెత్తుకుని హాల్లోకి నడిచింది.

రెండు గంటలు అలాగే తిరిగింది. చుక్క మింగలేదు, చుక్క ఉమ్మలేదు. ఎప్పటిలాగే ప్రతి బెంచీ దగ్గరా ఆగింది. నా దగ్గరా ఆగింది. నేను తలెత్తలేదు, రాశాను. చెన్నకేశవులు కుర్చీ నడుమకు లాక్కుని ఆమె నోటి మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయన దగ్గర రెండుసార్లు ఆగి గ్లాసు చాపింది. రెండుసార్లూ వద్దని చెయ్యి ఊపాడు.

ఆ పేపరు పాసయ్యానని జూన్‌లో తెలిసింది. కానీ ఆ మధ్యాహ్నం ఒంటిగంట బెల్లు కొట్టగానే నేను పరుగెత్తింది రాహేలమ్మ దగ్గరికే. వరండా పక్కన మొక్క మొదట్లో నోట్లో నీళ్లు ఉమ్మి, కొంగుతో తుడుచుకుంటోంది. నాకన్నా ముందు చెన్నకేశవులు చేరుకున్నాడు. చూశావా, రెండు గంటలు ప్రార్థన లేకుండానే పరీక్ష నడిచింది, కొంపలేమీ మునగలేదు కదా అన్నాడు.

రాహేలమ్మ బకెట్టు బోర్లించి ఆయన కళ్లలోకి చూసింది.

"ఒక్క బెంచి ఇడువలే సారూ. మీ కుర్చి తాన రెండుసార్లు ఆగిన."