విమానాల జాతరలో మూడు రాళ్లు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇది నేను గొప్పగా చెప్పుకునే మాట కాదు, మా ఇంట్లో అందరూ అనే మాట. వనపర్తిలో ఇళ్లకూ దుకాణాలకూ నెట్ కనెక్షన్లు ఇచ్చే పని నాది. నెట్ ఆగితే జనం నా మీద అరుస్తారు. నేను ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ల మీద అరుస్తాను. ఎక్కువగా మా నాయిన మీద, ఎందుకంటే ఆయన తిరిగి ఒక్క మాట అనడు.

మొన్న చలికాలంలో బిజినేపల్లి దాటాక ఒక పెద్ద బీడు చెలకలో గాల్లో ఎగిరేవాటి మేళా పెట్టారు. వీపుకు ఇంజన్ కట్టుకుని గొడుగు కింద వేలాడుతూ ఎగిరేవాళ్లు, వేడిగాలి బెలూన్, బొమ్మ విమానాలు, పొలాలకు మందు కొట్టే డ్రోన్లు, అన్నీ ఒకే చోట. పోస్టర్ల మీద ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరు వేశారు గానీ మా దిక్కు జనం ఒక్క మాటలో ‘ఇమానాల జాతర’ అనేశారు. మూడు రోజుల ఆ జాతరకు నెట్ ఇచ్చే పని నాకు దొరికింది. సంబరపడ్డాను. పనిలో దిగాక గానీ అది ఎంత బరువో తెలియలేదు.

డ్రోన్ ఊరికే లేవదు. ఎగరేసేవాళ్లు ముందు తమ వివరాలు పెట్టి నెట్ ద్వారా అనుమతి అడగాలి. అనుమతి వస్తేనే రెక్కలు తిరుగుతాయి. రాకపోతే ఎంత ఖరీదైన డ్రోన్ అయినా తిరగేసిన మంచంలా నేల మీద పడి ఉంటుంది.

ఆ ఎగరేసేవాళ్లలో మా చెల్లె ఒకతి. తెలకపల్లి దగ్గర కౌలు పొలంలో ఏండ్ల తరబడి వీపు మీద పంపు మోసి పత్తికి మందు కొట్టింది. పోయిన ఏడు ఆ వాసనకు సాలులోనే పడిపోతే నాలుగు రోజులు దవాఖానలో ఉంచాం. బయటికొచ్చాక మహిళా సంఘం తరఫున డ్రోన్ శిక్షణకు వెళ్లింది. జాతర రెండో రోజు పొద్దున వాళ్లకు పరీక్ష. నెగ్గితే మండలానికి ఇచ్చే డ్రోన్ ఆమె చేతికొస్తుంది. ఒక్కొక్కరికి పావుగంట. ఆ పావుగంటలో ఎగరేయలేకపోతే, కారణం ఏదైనా సరే, వంతు పోయినట్టే.

“అన్నా, నేను ఇగ పంపు ఎత్తుకోను. నీ నెట్టు మీదనే ఉన్న,” అన్నది.

“నువ్వేం పరేషాన్ గాకు,” అన్నాను. నా ధైర్యం అంతా రెండు డిష్షుల మీద. రోడ్డు పక్కన నీళ్ల ట్యాంకి మీద ఒకటి, చెలకలో గుంజ మీద ఇంకొకటి. ట్యాంకి దాకా ఫైబర్ తీగ ఉంది. అక్కడి నుంచి గాల్లోనే నెట్ దూకుతుంది. నేల ముట్టే పనే లేదు.

మా నాయిన వచ్చి ఆ డిష్షును కిందా మీదా చూశాడు. ముప్పై ఏండ్లు పుణె, బొంబాయి, బెంగుళూరు తిరిగి ఫోను తీగలకు కాల్వలు తవ్విన మనిషి. తవ్వడం, తీగ పరచడం, పూడ్చడం, మళ్లీ బండెక్కడం. ఆ తీగల్లో ఏం పోతుందో ఆయన ఎన్నడూ అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

“గాలిని నమ్ముకుంటివా? ఒక తీగ పార్చు కొడుకా,” అన్నాడు.

“నాయినా, గిది నీ కాలం పని కాదు. నీకు తెల్వదు, ఊకో,” అన్నాను.

జాతరకు మూడు రోజుల ముందు అందరూ వచ్చి వాళ్ల వాళ్ల యంత్రాలు సరిచూసుకున్నారు. డ్రోన్ల రిమోట్లు అన్నీ ఒకేసారి ఆన్ చేయగానే నా నెట్ పడిపోయింది. ఆ రిమోట్లూ నా డిష్షూ ఒకే రకం తరంగాల మీద మాట్లాడతాయి. సంతలో అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? పైగా మేళా చూసుకునే పెద్దమనిషి వచ్చి, మీ డిష్షు వల్ల మా రిమోట్లు తడబడుతున్నాయి, దాన్ని ఆపేయండి అని చెప్పి పోయాడు. నేను గుంజకు ఆనుకుని కూర్చుండిపోయాను.

అప్పుడు కూడా నాయిన నన్ను దెప్పలేదు. ఫోను తీసి ఎవరెవరికో చేశాడు. మర్నాడు పొద్దున ఆయనతో పుణెలో తవ్వినవాళ్లు పదిహేను మంది గడ్డపారలు, పారలు పట్టుకుని ట్రాక్టర్‌లో దిగారు. అది ఆదివారం, సగం మంది చర్చి నుంచి నేరుగా వచ్చారు, మంచి బట్టల మీదనే తువ్వాల చుట్టుకుని. ట్యాంకి నుంచి చెలక దాకా కిలోమీటరుకు కొంచెం తక్కువ. పొద్దుగూకేసరికి మోకాటి లోతు కాల్వ తాడు పట్టి గీసినట్టు వచ్చింది.

తీగ పరిచేటప్పుడు మళ్లీ గొడవ. నాయిన ఒకచోట కాల్వ పక్కన చిన్న గుంత తీయించి, అందులో నాలుగైదు బారల తీగను చుట్టగా చుట్టి పెట్టించాడు.

“గదెందుకు? తీగ చాలదు నాయినా!” అని అరిచాను.

“ఎప్పుడన్న తెగితె గుంజుకోవాలె గద. బిగ్గ పార్చిన తీగను ఎట్ల అతుకుతవు రా?”

“తెగదు. ఎవడు తెంపుతడు?”

నాలుగు చోట్ల పెట్టాలన్నవాడు నా మొహం చూసి రెండు చోట్లతో ఊరుకున్నాడు. పూడ్చాక, తీగ పోయిన దారి పొడుగునా అంగ అంగకూ ఒక రాయి పెట్టించాడు. చుట్ట ఉన్నచోట మూడు రాళ్లు. ఆ జట్టువాళ్లు ఏ ఊళ్లో తవ్వినా అంతే చేస్తారట. రాయి కనిపిస్తే గడ్డపార వేయొద్దు, మూడు కనిపిస్తే కింద చుట్ట ఉందని గుర్తు. బెలూన్‌వాళ్లకు కూడా వెళ్లి చూపించి, రాళ్లున్న కాడ మేకులు కొట్టకండ్రి అని చెప్పి వచ్చాడు.

ఇక నా తప్పు చెప్పాలి. జాతర మొదలయ్యే రోజు పొద్దున ఆ పెద్దమనిషి వచ్చి, మనుషులు పరిగెత్తి ఎగిరే నేల మీద రాళ్లేమిటని కసిరాడు. ఆయన మాట న్యాయమే. నాయిన “రాళ్లు తీస్తె తియ్యి గాని, జర సున్నంతోని గీత గియ్యిరా” అన్నాడు. అప్పటికి గుడారాల్లో రౌటర్లు పెట్టేశాను, నెట్ నీళ్లలా పారుతోంది. తీగ భూమిలో భద్రంగా ఉందన్న పొగరు నాకు. “సున్నం తెచ్చే తీరిక నాకేడిది?” అని, రాళ్లన్నీ నా చేతులతోనే ఏరి తుమ్మచెట్టు మొదట్లో కుప్ప పోశాను.

మొదటి రోజు గడియసేపు కూడా నెట్ ఆగలేదు. జనం వేలల్లో వచ్చారు, వాళ్ల ఫోన్లతో టవర్లు ఉక్కిరిబిక్కిరై సెల్‌ఫోన్లు పనిచేయలేదు, నా గుడారాల్లో మాత్రం ఢోకా లేదు. అందరూ వచ్చి నా భుజం తట్టారు. తవ్విన పదిహేను మంది పేర్లు నేను ఎవరికీ చెప్పలేదు.

రెండో రోజు పొద్దున గాలి పెరిగింది. బెలూన్ ఊగిపోతోందని దాని మనుషులు ఇంకో తాడు కట్టడానికి ఇనుప మేకు ఒకటి దిగ్గొట్టారు. రాళ్లు లేవు కదా, ఎక్కడ కొట్టకూడదో వాళ్లకేం తెలుస్తుంది? సరిగ్గా తీగ మీద కొట్టారు. అన్ని రౌటర్లలో ఒక్కసారే ఎర్ర లైటు వెలిగింది.

అప్పటికి మా చెల్లె ముందున్న ఆవిడ అనుమతి తీసుకుని గాల్లో ఎగరేస్తూనే ఉంది. ఆవిడ దించగానే మా చెల్లె వంతు. జనాన్ని ఆపే తాడు అవతల నిలబడి నా వైపే చూస్తోంది. ఎక్కడ తెగింది, చుట్టలు ఏ చోట ఉన్నాయి, రాళ్లన్నీ నేనే ఏరేశానే అని నాకు ఒకటే గుబులు.

నాయిన పరుగెత్తలేదు. తీగ దారి వెంట గబగబా నడిచి కొత్త మేకు దగ్గర ఆగాడు. తరువాత తుమ్మచెట్టు దగ్గరికి పోయి, అక్కడి నుంచి అంగలు లెక్కబెట్టుకుంటూ వచ్చి మడమతో నేలను తొక్కాడు. చుట్ట పూడ్చిన నాడే ఆ చెట్టు నుంచి ఎన్ని అంగలో లెక్క గుర్తు పెట్టుకున్నాడట.

“ఈడ తవ్వు. మెల్లగ.”

నేనే తవ్వాను. జానెడు, రెండు జానలు, మోకాటి లోతు. ఇసుక కింద తీగ చుట్ట, పెట్టినది పెట్టినట్టే ఉంది. ఆ చుట్టను చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. మేకు దాకా మట్టి తవ్వి, చుట్ట విప్పి తీగను గుంజాం. కొసలు రెండూ చేతికందాయి. మైకులో మా చెల్లె పేరు పిలవడం వినపడుతూనే ఉంది. నాయిన తీగను కదలకుండా పట్టుకున్నాడు, నేను కొసలను తీగ అతికే మిషన్‌లో పెట్టి అతికాను.

ఆమె పావుగంటలో తొమ్మిది నిమిషాలు అయిపోయాక ఎర్ర లైటు పచ్చగా మారింది. మరు నిమిషంలో డ్రోన్ రెక్కల మోత వినిపించింది. తల ఎత్తి చూశాను. గీత మీద పోయినట్టు నేరుగా పోయి, మలుపు తిరిగి, వెనక్కొచ్చి, చుక్క పెట్టినచోటనే దిగింది. పరీక్ష పెట్టినవాళ్లు తలూపారు.

మా చెల్లె పరుగెత్తుకుంటూ వచ్చింది. “నాయినా, సూసినవా?”

“లేదు బిడ్డా. ఈడ నిల్చున్న,” అన్నాడు.

అప్పుడు చూశాను. అతుకు వేసిన గుంత ఇంకా పూడ్చనే లేదు. దాన్ని ఎవరూ తొక్కకుండా, ఇంకో మేకు పడకుండా ఆయన కాళ్లు ఎడంగా పెట్టి తీగకు కావలి నిలబడ్డాడు. కూతురు ఎగరేసినంత సేపూ ఆయన చూపు నేల మీదనే ఉంది. ముప్పై ఏండ్లు కూడా అంతే గదా అనిపించింది.

కాసేపటికి మైకులో చెప్పారు, నీళ్లు నింపి మందు కొట్టే తీరు జనానికి చూపించాలని, అందుకు మా చెల్లెనే రమ్మని. నాయిన భుజం పట్టుకున్నాను.

“నువ్వు పో నాయినా. ఈడ నేనుంట.”

“సక్కగ నిలబడ్తవా?” అని అడిగాడు.

“నిలబడ్త.”

ఒక నిమిషం నన్ను ఎగాదిగా చూసి, తువ్వాల దులుపుకుని, తాడు దగ్గరికి నడిచాడు. నేను మూడు రాళ్లు ఏరేసిన చోట కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాను. బెలూన్ మనిషి ఒకడు సుత్తె పట్టుకుని ఇటు రాబోతే చెయ్యి అడ్డం పెట్టి, కోపం లేకుండానే, కింద తీగ ఉందని చెప్పాను. నా వెనక డ్రోన్ మోత లేచింది. నేను తిరిగి చూడలేదు. నా ఎదురుగా, తాడు పట్టుకుని, మా నాయిన నుదుటి మీద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తున్నాడు.