ఖాదర్ భాయ్ ఇంటి కత్తి

నేను పోగుచేసిన ఉక్కు కత్తులన్నీ జోగిపేటలో ఖాదర్ భాయ్ కొలిమిలో పుట్టినవే. పాత లారీ కమాను పట్టీలను కాల్చి, సాగగొట్టి చేస్తాడు. "స్టీలు కత్తి గూడ ఒక కత్తేనా సార్?" అన్న ఆయన మాట పట్టుకుని బీరంగూడలో మా ఆవిడతో ఎన్ని యుద్ధాలు చేశానో! కోసిన వెంటనే తుడవాలని, తుప్పు పట్టకుండా నూనె రాయాలని, నిమ్మకాయకు కత్తి నల్లబడితే కంగారు పడొద్దని.

ఈ రోజు సాన పట్టించడానికి వెళ్తే, తినిపోవాల్సిందేనని ఇంట్లో కూర్చోబెట్టాడు. నంజుకోవడానికి ఉల్లిపాయ కోస్తానని గూట్లోంచి కత్తి తీశాడు. పచ్చ ప్లాస్టిక్ పిడి ఉన్న స్టీలు కత్తి!

"గిదేంది భాయ్?" అన్నాను.

ఆయన సిగ్గుపడనైనా లేదు. "రోజూ తుడుసుడు, నూనె రాసుడు మాతోని యాడైతది సార్? గవి మీ అసొంటి షౌకున్నోళ్ళకే."

ఉల్లిపాయ ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. అవే నంజుకుని తిన్నాను.

ఇప్పుడు సాన పట్టిన కత్తుల సంచితో మా ఇంటి మెట్ల మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. నన్ను ఎన్నైనా అనండి, మా ఆవిడను మాత్రం ట్యాగ్ చేయకండి.