అడిగి ఊరుకోవడం

మొన్న రైల్లో నా పక్కన కూర్చున్న చైనీయ ముసలావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి, మూత తిప్పి, కణతలకు తైలం రాసుకుంది. నీలగిరి తైలం, కర్పూరం కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. చేతిలోని ఫోను సంచిలో పడేసి బుద్ధిగా కూర్చున్నాను. తల సగం నెరిసిన మనిషిని, అయినా ఆ వాసన వస్తే చాలు, నర్సమ్మ ఆంటీ గదిలోకి వచ్చేసిందని నా ఒంటికి ఇప్పటికీ అనుమానం.

సింగపూరులో యూ టీ అనే పేటలో మా అక్కావాళ్ళ ఫ్లాటుకు ఎదురు తలుపు ఆవిడది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబం. ఆవిడ పుట్టింది అక్కడే. పెళ్ళయ్యాక సింగపూరు వచ్చి, ప్రైమరీ బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఆవిడ గొంతు సంగతి చెబితే మీరు నమ్మరు. ఒకసారి వరండాలో పిల్లలు పరిగెడుతుంటే "ఎవరక్కడ?" అని ఆవిడ ఒక్క కేక వేసిందనీ, దానికి పైకి వెళ్తున్న లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనీ, అందులో ఉన్న బ్యాంకు మేనేజరు వంగి బూటు లేసు కట్టుకున్నాడనీ నేను చాలామందికి చెప్పాను. ఆ వారమంతా లిఫ్టు మరమ్మతులోనే ఉందన్న వివరం ఎవరైనా అడిగితేనే చెబుతాను.

అప్పుడు నేను అక్కావాళ్ళింట్లో ఉండి టీచరు డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులు. కంప్యూటర్ అన్న మాట పలకడం వచ్చిన ప్రతివాడికీ ఉద్యోగం దొరికేది. మా బావ ప్రోగ్రామరు. శనివారం భోజనానికి వచ్చే ఆయన స్నేహితులందరూ ప్రోగ్రామర్లే. నేను బడిపంతులు చదువు చదువుతున్నానని తెలిస్తే వాళ్ళు ఆసుపత్రిలో రోగిని పలకరించినట్టు గొంతు తగ్గించి మాట్లాడేవారు.

"మరదలా, సుద్దపొడి మింగి ఏం బావుకుంటావు? జావా నేర్చుకో. మా ఆఫీసులో మాట్లాడేశాను," అనేవాడు బావ.

"నాకు పిల్లలతో మాట్లాడటం ఇష్టం బావా."

"కంప్యూటరుతో మాట్లాడు. మధ్యలో అడ్డురాదు. నీకు కావలసింది అదే కదా."

ఆఖరి సంవత్సరంలో మమ్మల్ని ఒక్కొక్కరిని ఒక్కో బడికి పంపేవారు. మేం పాఠం చెబుతుంటే కాలేజీ నుంచి ఒక పరిశీలకుడు వచ్చి వెనక బల్లమీద కూర్చుని రాసుకునేవాడు. నా వంతుకు వచ్చినవాడు మిస్టర్ టాన్. ఐసు వేసిన గ్లాసు బయట నీటి చుక్కలు ఎలా వస్తాయన్నది పాఠం. నేను దాన్ని కథగా చెప్పాను. ఆవిరి చుక్క ఒకటి మలేషియాలో బయల్దేరి, సరిహద్దు దగ్గర క్యూలో నిలబడి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, అలిసిపోయి వచ్చి చల్లటి గ్లాసు మీద కూలబడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. గంట కొట్టాక, మెచ్చుకుంటాడని మిస్టర్ టాన్ ముందు నిలబడ్డాను.

"మీ ప్రదర్శన చాలా బాగుంది," అన్నాడాయన. "పిల్లలకు ఏం తెలిసిందో మాత్రం నాకు తెలియలేదు. మీకు తెలిసిందా?"

ఫెయిల్ చేశాడు. ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అదీ పోతే డిగ్రీ లేదు, టీచరు ఉద్యోగమూ లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర బావ, "ఈసారి కూడా పోతే మాత్రం జావా క్లాసులో చేరిపోవాలి, సరేనా?" అన్నాడు. ఆయన ఇంట్లో ఉంటూ కాదనడానికి నోరు రాలేదు. సరేనన్నాను. కానీ నాకు ఆ తరగతి గది తప్ప ఇంకేమీ వద్దు.

అక్క నోట్లో ఏదీ నిలవదు గనక మర్నాటికల్లా సంగతి ఎదురింటికి చేరింది. సాయంత్రం నర్సమ్మ ఆంటీ పిలిచింది. "రా అమ్మా. పాఠం సెప్పు."

"ఎవరికి ఆంటీ?"

"నాకు. నేను ప్రైమరీ ఫోర్. నిన్న హోంవర్కు సెయ్యలేదు."

కణతలకు తైలం రాసుకుని, భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. నేను గ్లాసులో ఐసు వేసి ముందు పెట్టాను. "ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగి, అదే ఊపులో "గాలిలో ఉన్న ఆవిరి..." అంటూ అందుకున్నాను. ఆవిడ తల బల్లమీద ఆనించి గురక పెట్టింది.

"ఆంటీ?"

"ఆంటీ ఎవరు? ప్రశ్న నువ్వే అడిగినావు, జవాబూ నువ్వే సెప్పినావు. మద్దెన నాకేటి పని? పడుకున్నాను."

మర్నాడు ఆవిడ పడుకోలేదు. అంతకంటే ఘోరం చేసింది. అక్కడి పిల్లలు టీచరును 'చెర్' అంటారు, మాట చివర ఊరికే 'లా' అనో 'వాట్' అనో తగిలిస్తారు. ఆవిడ అచ్చం వాళ్ళలాగే సాగదీసి, "చెర్, గ్లాసు లీకింగ్ లా," అంది. గాజుకు చిల్లులుండవని చెప్పాను. "లీకింగ్ లా. మా అమ్మ సెప్పింది." బొమ్మ గీశాను, కథ చెప్పాను, బతిమాలాను. ఒప్పుకోలేదు. నాకు ఏడుపొచ్చేటప్పటికి మళ్ళీ ఆంటీ అయింది.

"ఇలాటి పిల్లలు ఉంటారు. ఎంత సెప్పినా నమ్మరు. నువ్వు నమ్మించకు. అడుగు. అడిగి ఊరుకో."

"ఊరుకుంటే క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది కదా ఆంటీ?"

"అయితే అవనీ. నువ్వేటి, రేడియోవా?"

ఊరుకోవడం నాకు నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టడం లాంటిది. ఆవిడ అది కనిపెట్టి, "అడగ్గానే బోర్డు తుడువు. సేతులకు పని పెట్టు, నోటికి సెలవియ్యి," అంది. నాకు అలవాటు కావాలని, నేను ప్రశ్న అడిగాక కావాలనే నిదానంగా కాఫీ చప్పరించేది. ఒక గుక్కకూ ఇంకో గుక్కకూ మధ్య గవర్నమెంటువాళ్ళు సముద్రం పూడ్చి ఇంకో పేట కట్టేశారంటే మీరు నమ్మి తీరాలి.

రెండోసారి మిస్టర్ టాన్ వచ్చినప్పుడు క్యాంటీన్ నుంచి బండుంగ్ తెచ్చాను. అంటే రోజా సిరప్ కలిపిన పాలు, మంచి గులాబీ రంగు. ఐసు వేసి బల్లమీద పెట్టాను. చుక్కలు పట్టాయి. "ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగి బోర్డువైపు తిరిగాను. ఎవరూ మాట్లాడలేదు. వెనక పెన్ను కదులుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. జవాబు నా పళ్ళ వెనక నిలబడి తలుపు బాదుతోంది. అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డునే తుడుస్తూ ఉన్నాను.

"లీకింగ్, చెర్," అన్నాడు వెనక బల్ల నుంచి ఒకడు. నేను తుడుస్తూనే ఉన్నాను.

"లీకైతే పింక్ రావాలి, వాట్," అంది హుయ్ మిన్ అనే పిల్ల.

"పింక్ లోపలే ఇరుక్కుపోయిందేమో."

హుయ్ మిన్ లేచి వచ్చింది, గ్లాసెత్తింది, బయటివైపు నాలుకతో నాకింది. "నాట్ స్వీట్," అని తరగతికి ప్రకటించింది. తరగతి గొల్లున నవ్వింది. మేమూ చూస్తామని మిగతావాళ్ళు లైను కట్టేశారు. మిస్టర్ టాన్ లేచి నిలబడ్డాడు. నేను గ్లాసు గబగబా తుడిచి, అందరినీ కూర్చోబెట్టి, "మరి ఎక్కడి నుంచి?" అని మాత్రం అడిగి మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళాను. చాలాసేపటికి ఎవరో, "బయటి నుంచా? గాలిలోంచా?" అన్నారు. అప్పుడే గంట కొట్టేశారు. ఆవిరి అన్న మాట నా నోటివెంట రానే లేదు. జావా ఖాయమనుకున్నాను.

"గ్లాసు నాకడం మీ పాఠంలో రాసుకున్నారా?" అని అడిగాడు మిస్టర్ టాన్.

"లేదు సార్."

"ఆవిరి అన్న మాట రేపు చెప్పండి. ఇప్పుడు వాళ్ళకు అది కావాలి," అని సంతకం పెట్టాడు. పాసయ్యాను.

"నోరు మూసుకున్నందుకు పాస్ చేశారట. ఆ పరీక్షేదో నెలకోసారి మనింట్లో కూడా పెట్టమను," అన్నాడు బావ. ఆ తర్వాత జావా మాట ఎత్తలేదు.

ఆంటీ మాత్రం అంతా విని, "ఆ పిల్ల ఎందుకు నాకిందో అడిగినావా?" అంది. లేదన్నాను. "రేపడుగు." అడిగాను. హుయ్ మిన్ నన్ను వింతగా చూసి, "మీరు జవాబు చెప్పలేదు కదా చెర్. మరి నేనేం చెయ్యను?" అంది. ఆ మాట మోసుకెళ్ళి ఎదురింట్లో చెప్పాను. ఆంటీ తల ఊపి, "ఇంక నా దగ్గరికి పాఠం సెప్పడానికి రాకు. కాఫీకి రా," అంది.

అలాగే వెళ్ళాను, ఆవిడ సరిహద్దు అవతల జొహోరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయేదాకా. అక్కడే పోయింది. ఆఖరి చూపుకు వెళ్తే, ఆ ఇంట్లో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు, గోడ పొడవునా వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే.

ఇప్పుడు కొత్తగా వచ్చే టీచర్ల పాఠాలు వెనక బల్ల నుంచి చూడటం నా పని. కిందటి వారం ఒకమ్మాయి, పాఠమంతా తనే మాట్లాడేసి, నా దగ్గరికి వచ్చి, "అడిగాక ఎంతసేపు ఆగాలి మేడమ్?" అంది. దానికి నా దగ్గర అయిదారు జవాబులున్నాయి, అందులో రెండిటికి మంచి కథలు కూడా ఉన్నాయి.

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచనలో పడింది. నేను ఊరుకున్నాను.