కాక ఎంచిన పదకొండు మంది

సోమవారం మూడో పీరియడ్‌లో ఉండగా, ఆఫీసులో నాకు ఫోన్ వచ్చిందని అటెండర్ పిలిచాడు. నస్పూర్ నుంచి. సర్దార్ కాక పోయాడు. ఆదిలాబాద్‌లో దొరికిన మొదటి బస్సు ఎక్కాను. దారిలో టైరు పేలి గంటకు పైగా రోడ్డు పక్కన నిలబడ్డాం. నేను చేరేసరికి అందరూ గోదావరి నుంచి తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నారు.

ఆయన నాకు చుట్టం కాదు. నస్పూర్ బొగ్గు బాయి కాలనీలో తొమ్మిదేళ్లు మా పక్క క్వార్టర్. నేను అక్కడి బడిలో ఇంగ్లీషు టీచర్ని. ఆయన బాయిలో, అంటే గనిలో, సర్దార్. ఏ రోజు ఎవరు ఏ చోట పనిచేయాలో ఎంచి పంపడం ఆయన ఉద్యోగం.

మమ్మల్ని కలిపింది ఒక చిత్రమైన ఆట. ఇంగ్లండ్‌లో చదువుకొచ్చిన ఇంజనీరు ఒకాయన దాన్ని కాలనీకి తెచ్చాడు. వచ్చే శనివారం అక్కడ జరిగే లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల నుంచి, ఏ జట్టువాళ్లనైనా సరే, పదకొండు మందిని ఎంచి శుక్రవారం సాయంత్రానికి చీటీ ఇవ్వాలి. గోలు కొట్టినవాడికి రెండు మార్కులు, గోలు పడనీయని కీపర్‌కు రెండు. ఆడేది ఇంజనీరు, కాక, ఇంకో ఇద్దరు, అంతే. ఓడినవాళ్లు చాయ్ తాగించాలి. ఇంజనీరుకు పోస్టులో వచ్చే ఇంగ్లీషు పత్రికే మాకు ఆధారం. కాకకు ఇంగ్లీషు రాదు కనుక చదివి వినిపించడం, చీటీ రాయడం నా పని.

నేను పేర్లు గబగబా చదివితే ఆయనకు నచ్చేది కాదు. "జర ఆగు బిడ్డా. గట్ల ఉరికిస్తే మనుషులు ఎట్ల కనవడ్తరు?" అనేవాడు. బడిలో హాజరు పిలిచేటప్పుడు ప్రతి పేరు దగ్గరా తలెత్తి చూడడం నాకు అప్పుడే అలవాటైంది. ఇప్పటికీ పోలేదు.

పత్రికలో ఆటగాడి బొమ్మ ఉంటే ఆయన చూసేది ముఖం కాదు, కాళ్లు. బాయిలో దిగే మనుషులనూ అట్లాగే చూస్తానన్నాడు. "నాకేం కాలే అని మొకం అబద్ధం చెప్తది. కాళ్లకు అబద్ధం రాదు."

చిక్కేమిటంటే ఆ పత్రిక మాకు చేరేసరికి మూడు వారాలు పాతబడేది. ముందుండి గోళ్లు కొట్టే ఒక పొడుగు ఫార్వర్డ్ అంటే కాకకు ప్రాణం. మూడు వారాలు వరుసగా అతని పేరే మొదట రాయించాడు. తర్వాత వచ్చిన పత్రికలో చూస్తే, మొదటి వారానికి ముందే అతని కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. మిగతా ముగ్గురూ పడీపడీ నవ్వారు. కాక నవ్వలేదు.

"ఆడు మంచంల వడి మూలుగుతుంటే, మనం గీడ కూసోని ఉరుకు ఉరుకు అని రాసినం గదా బిడ్డా."

ఆ వానాకాలంలోనే అది జరిగింది. ఆయన గ్యాంగులో ఒకతను మోకాలు నొప్పిగా ఉందని పొద్దున్నే చెప్పాడు. నడక తక్కువ ఉంటుందని కాక అతన్ని దగ్గరి చోటికి మార్చి, ఇంకొకరిని దూరం పంపాడు. మధ్యాహ్నానికి ఆ దగ్గరి చోటనే పైకప్పు కూలింది. అతన్ని బయటికి తెచ్చేసరికి ప్రాణం లేదు. విచారణలో కాక తప్పేమీ లేదని రాశారు.

పది రోజులకు, అతని ఇంటికి పోదాం రమ్మని కాక అంటే ఆయన వెంట నేనూ వెళ్లాను. గడప దగ్గరే నిలబడిపోయాడు. అతని భార్య పీట వేసింది.

"కూసో అన్నా. నువ్వు ఆయన మంచికే పంపినవు. నాకెరుకే."

కాక కూర్చోలేదు. తిరిగి వచ్చేటప్పుడు, నీళ్ల ట్యాంకు దాటాక అన్నాడు: "తిట్టినా మంచిగుండు బిడ్డా. తిట్టలే."

ఆ శుక్రవారం పత్రిక తీసుకుని వెళ్లాను, మనసు కాస్త మళ్లుతుందని. పేర్లు చెప్పాడు. పదో పేరు దగ్గర ఆగాడు.

"ఇంకొకరు కాకా?"

"పది సాలు. ఇంకోణ్ణి నేను ఏడికి పంప."

"ఇది ఉత్త కాగితం కాకా. ఎవరికీ ఏమీ కాదు."

"నాకు తెలువదా బిడ్డా?" అన్నాడు మెల్లగా. "చెయ్యి వస్తలేదు."

ఇంజనీరు ఆ పది పేర్ల చీటీనే తీసుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి వారమూ పది పేర్లే. అట్లా ఓడిపోతూ, అందరికీ చాయ్ తాగిస్తూ ఇంకో నాలుగేళ్లు ఆడాడు. బాయిలో మాత్రం రోజూ మనుషులను ఎంచక తప్పలేదు. పొద్దున షిఫ్టుకు పోయేముందు వాకిట్లో చెప్పులు తొడుక్కుని చాలాసేపు అట్లాగే నిలబడేవాడు. నేను గోడ ఇవతల నుంచి చూసేదాన్ని. చివరికి "చాయ్ తాగినవా కాకా?" అని మాత్రం అడిగేదాన్ని.

ఇంజనీరు బదిలీ అయ్యాడు. తర్వాత నేనూ ఆదిలాబాద్ వచ్చేశాను. బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసిందని పోయిన నెల తెలిసి, కరీంనగర్ ఆస్పత్రికి వెళ్లాను. ముక్కుకు గొట్టం. ఒక్కో శ్వాసకూ భుజాలు లేస్తున్నాయి. ఆయన భార్యను నేను చిన్నమ్మా అంటాను. "ఏదన్న సదువు బిడ్డా. నీ గొంతు ఇంటె గుర్తువడుతడేమో" అందామె. సంచిలో పాత పత్రిక ఒకటి తీసుకెళ్లాను. ఆగి ఆగి పేర్లు చదివాను.

ఒక పేరు దగ్గర ఆయన కుడిచెయ్యి మంచం మీది నుంచి లేచింది.

"ఈయన్ని రాయాల్నా కాకా?"

కళ్లు తెరిచి నన్ను చూశాడు. చెయ్యి ఇంకొంచెం లేచింది. రాయమంటున్నాడో, వద్దంటున్నాడో నాకు తెలియలేదు. మళ్లీ అడిగాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. దాహమేమోనని చిన్నమ్మ చెంచాతో నీళ్లు పోసింది. నీళ్లు పెదవి చివర నుంచి మెడ మీదికి జారాయి. ఆమె కొంగుతో తుడుస్తోంది. నేను పేజీ మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను. ఆ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.