వరుసలో లూషస్ చోటు

ఓట్ల రోజున, పోలింగు జరిగే మౌంట్ నెబో చర్చి బయట వరుసలో వెర్డెల్ టార్విన్ తన ముందు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడేది. మిసిసిపీ డెల్టాలోని ఆ చిన్న ఊళ్లో అది అందరికీ తెలిసిన సంగతే. తెలియనివాళ్లు ఎవరైనా ఆ ఖాళీలోకి దూరబోతే చేతికర్ర అడ్డం పెట్టేది.

“అక్కడ మావాడున్నాడు.”

“ఎక్కడ, మిస్ వెర్డెల్? నాకు గాలి తప్ప ఏమీ కనబడట్లేదే.”

“వాడొచ్చేదాకా ఆ గాలే మావాడు. వెనక్కి జరుగు.”

ఆ మావాడు రోడ్డుకి అవతల చర్చి వ్యానులో కూర్చుని ఉండేవాడు. ఆమె కొడుకు, పేరు లూషస్. మామూలు రోజుల్లో చేపల ఫ్యాక్టరీలో క్యాట్‌ఫిష్ తోలు వలిచే పని. ఓట్ల రోజు సెలవు పెట్టి, నడవలేని ముసలివాళ్లని ఇళ్ల నుంచి తెచ్చి, చెయ్యి పట్టుకుని చర్చి తలుపుదాకా నడిపించేవాడు. గడప మాత్రం దాటేవాడు కాదు. ఇరవై మూడేళ్ల వయసులో కొకైన్ అమ్ముతూ దొరికి, ఆరేళ్లు జైలు పొలాల్లో గడిపి వచ్చినవాడు. విడుదల రోజున కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్న గుమాస్తా తలెత్తకుండానే, “ఇకమీదట తుపాకీ ముట్టుకోకు, ఓటు వెయ్యకు” అన్నాడు. లూషస్ సరేనన్నాడు. జైల్లో ఆరేళ్లూ నేర్చుకున్నది అదే గదా, సరేననడం.

వెర్డెల్ సరేననలేదు. ఆ రాష్ట్రంలో పోయిన ఓటు తిరిగి రావాలంటే గవర్నరు క్షమించాలి, లేదంటే ఆ మనిషి పేరుమీదే ఒక చట్టం రావాలి. శాసనసభ్యుడెవరో బిల్లు పెట్టాలి, రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది ఊఁ కొట్టాలి. దీన్ని కరుణ అని పిలిచేవాళ్లు ఉన్నారు. వాళ్లెవరికీ ఎవరి గుమ్మం ముందూ నిలబడే అవసరం పడి ఉండదు.

వెర్డెల్ నిలబడింది. ఒక నీలం అట్ట ఫైలు తయారు చేసింది. అందులో లూషస్ మూడో తరగతి టీచరు రాసిన ఉత్తరం, ఫ్యాక్టరీ మేస్త్రీ ఉత్తరం, పాస్టర్లు రాసినవి మూడు, ఎందుకంటే ఈలోగా ఇద్దరు పాస్టర్లు మారారు. ఏటా జనవరిలో శాసనసభ్యుడి దగ్గరికి ఆ ఫైలూ, వెన్న కేకూ పట్టుకుని వెళ్లేది. శాసనసభ్యులూ ముగ్గురు మారారు. కేకు బావుందని ముగ్గురూ అన్నారు. ఫైలు చూస్తామని కూడా ముగ్గురూ అన్నారు.

“ఎందుకమ్మా ఈ తిప్పలు?” అని వ్యాను నడుపుతూ లూషస్ ఒకసారి అడిగాడు. “ఒక్క ఓటుకి ఏమవుతుంది?”

“నోరు ముయ్యి. నా ఓటు రాయించుకోడానికి ఆ కోర్టు మెట్లు నాలుగుసార్లు ఎక్కాను. నల్లదాన్నని మూడుసార్లు పొమ్మన్నారు. ఒక్కసారి నిన్ను నా ముందు నిలబెట్టి, నీ వీపు చూస్తూ లోపలికి నడవాలి. ఆ తరవాత చస్తాను.”

“అయితే బిల్లు రాకపోవడమే మంచిది.”

“వెధవా. రోడ్డు చూసి నడుపు.”

2023 ఫిబ్రవరిలో, ఎనభై అయిదేళ్ల వయసులో, కుర్చీలో కూర్చుని బఠాణీలు వలుస్తూనే వెర్డెల్ చనిపోయింది. ఒళ్లోని గిన్నె కింద పడలేదు.

ఏప్రిల్లో లూషస్ ఆ ఫైలు పట్టుకుని కొత్తగా గెలిచిన శాసనసభ్యురాలు రెనీటా బోస్టిక్ దగ్గరికి వెళ్లాడు. మూతబడిన మంగలి షాపులో ఆమె ఆఫీసు. కేకు లేదు. కేకు చెయ్యడం అతనికి రాదు. ఆమె ఫైలు తెరిచి ఉత్తరాలు పక్కన పెట్టి, అడుగున ఉన్న తీర్పు కాగితం బయటికి తీసింది. ఇరవయ్యేళ్లలో ఆ కాగితం చదివిన మొదటి మనిషి ఆమే.

“ఇదొక్కటే కేసా? దొంగతనం, ఫోర్జరీ, అలాంటివి?”

“లేదు మేడం. మత్తుమందు అమ్మాను. చేసింది చెప్పుకోడానికి సిగ్గు పడను.”

ఆమె సొరుగులోంచి ఒక జాబితా తీసింది. ఏ నేరం చేస్తే ఓటు పోతుందో ఆ జాబితా. దాని మొదటి ప్రతి 1890లో రాశారు. నల్లవాళ్లు ఏయే తప్పులు చేస్తారో తెల్లదొరలు ఊహించి, వాటిని ఏరి పెట్టుకున్నారు. ఆమె పై నుంచి కింది దాకా వేలితో చూసింది. మళ్లీ చూసింది.

“టార్విన్ గారూ, మీ నేరం ఇందులో లేదు.”

“అంటే?”

“అంటే మీ ఓటు పోలేదు. ఎప్పుడూ పోలేదు. జైల్లో ఉన్నప్పుడు కూడా మీకుంది.”

లూషస్ ఆ జాబితా తన వైపు తిప్పుకున్నాడు. “మా పక్కింటి ఫ్లాయిడ్ కుర్రతనంలో ఎవరిదో ట్రాక్టరు ఎత్తుకెళ్లాడు. మరి వాడికో?”

“దొంగతనం జాబితాలో ఉంది. ఆయనకి బిల్లు కావాలి. మీకు అక్కర్లేదు.”

“మా అమ్మ ఇరవయ్యేళ్లు తిరిగింది, మేడం.”

“ఎవరూ చూడలేదా?”

“కేకు తిన్నారు.”

ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “అన్నిటికీ దేవుడికో సమయం ఉంటుంది, లూషస్.”

“దేవుడికి కూడా ఆ జాబితా ఎవరూ చూపించలేదేమో, పాస్టరు గారూ” అని లూషస్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. కోర్టు మెట్లు ఒక్కసారే ఎక్కాడు. పేరు రాసుకోడానికి వాళ్లకి పది నిమిషాలు కూడా పట్టలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

నవంబరులో ఓట్ల రోజు వ్యాను ఫ్లాయిడ్ నడిపాడు. “తలుపుదాకా తీసుకొచ్చాను, ఇక మీ తిప్పలు మీవి, దొరవారూ” అన్నాడు లూషస్‌తో, నవ్వబోయి. నవ్వు సరిగ్గా రాలేదు.

లూషస్ వరుసలో నిలబడి, తన వెనక ఒక మనిషి పట్టేంత చోటు వదిలాడు. అదెవరి చోటో పాతవాళ్లకి తెలుసు. ఆ చోటుకి వెనక నర్సు దుస్తుల్లో ఒకామె గడియారం చూసుకుంటూ ఉంది. ఊరికి కొత్త.

“సార్, కాస్త కలిసి నిలబడదామా? నాకు డ్యూటీకి టైమవుతోంది.”

లూషస్ వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లమ్మ అయితే కర్ర అడ్డం పెట్టేది. అతను మళ్లీ ముందుకి తిరిగాడు. వరుస ఒక్కో అడుగే కదిలింది, ఖాళీ కూడా అతనితో పాటే కదిలింది.

తలుపు దగ్గర పేర్లు చూస్తున్నది ఎర్లీన్ సగ్స్. చర్చిలో వెర్డెల్ పక్కన నలభై ఏళ్లు పాటలు పాడిన మనిషి. అతని కార్డు చేతిలోకి తీసుకుని, అతని వెనక ఉన్న ఖాళీ చూసింది. చాలాసేపే చూసింది.

“నాన్నా” అంది మెల్లిగా, “ఇక్కడిదాకానేరా. లోపల చోటు చాలదు. ఆ నర్సుని రానివ్వు.”

లూషస్ తల ఊపాడు. నర్సు గబగబా ముందుకొచ్చి ఆ చోట్లో నిలబడింది. అతను గడప దాటాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనామె అతని వీపు చూస్తూ వెనకే లోపలికి నడిచింది.