తలుపులు మూసి కడిగిన గన్ను

మా ముత్తాత బారువ రేవు నుంచి ఓడల మీద కొబ్బరి పంపిన మనిషి. మా తాతగారు టెక్కలి వైపు ఏ తగువు వచ్చినా ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టే పెద్ద. పలాస దగ్గర ఆయన కట్టించిన జీడిపిక్కల గోదాములో ఇప్పుడు నేనూ, మా చెల్లెలి భర్తా అక్కుపల్లి జాలర్లకు ఫైబర్ పడవలు చేస్తున్నాం. సిగ్గుపడే పని కాదు. అయినా సాయంత్రం పనిముట్లు కడిగేటప్పుడు టేకు తలుపులు రెండూ మూసేవాణ్ణి. మా ఇంటి మగవాడు మసిగుడ్డ పట్టుకోవడం రోడ్డున పోయేవాళ్లు చూడకూడదు.

రెసిన్ అనే జిగురు ఒక గొట్టంలో, దాన్ని గట్టిపరిచే మందు మరో గొట్టంలో వచ్చి, వాటిని పడవ అచ్చు మీద చిమ్మే గన్ను మూతి దగ్గర కలుస్తాయి. పని ఆపగానే కడగకపోతే మూతి బిగుసుకుపోతుంది. నేను ఘాటుగా ఆవిరయ్యే అసిటోన్ ధారాళంగా ఒంపి గొట్టాలతో సహా కడిగేవాణ్ణి. అప్పుడే ఒక దగ్గు వినిపించేది. అటక మీద నుంచి, పొడిగా, రెండుసార్లు. తాతగారు బతికుండగా గోదాములోకి వచ్చేముందు అలాగే దగ్గేవారు, కూలీలు సర్దుకుంటారని.

"అటక మీద ఎవలున్నారేటి, బావా?" అని చెల్లెలి భర్త అడిగాడు.

"మా తాత. మనవరాలి మొగుణ్ణి సూడ్డానికొచ్చుంటాడు."

"అయితే దిగి రమ్మను. మెడ పట్టేసింది సూసి సూసి."

ఒక సాయంత్రం అతను పైకి చూసి, "దిగుతన్నాడు, బావా," అని నెమ్మదిగా చెప్పి నిచ్చెన మీద కాలు పెట్టాడు. స్పృహ తప్పి కింద పడ్డాడు. పై మెట్టు మీద తెల్ల పంచె అంచు నాకూ కనిపించింది. తలుపులు లాగి తెరిచాను. గాలి తగిలాక అతనికి తెలివొచ్చింది. మెట్టు మీద ఏమీ లేదు.

మర్నాడు చెల్లెలు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అన్నియ్యా, నువ్వు గన్ను కడిగినప్పుడే తాతకి దగ్గొత్తాదేటి? ఇంకోపాలి తలుపులు మూసేవంటే ఈయన్ని పంపను."

"తీత్తే అందరూ సూత్తారు."

"సూడనీ. పడవే కదా సేత్తన్నావు, దొంగతనం కాదు."

పద్ధతి మార్చాం. రెండూ కలిసేది మూతిలోనే కనుక గొట్టాలు కడగడం మానేశాం. మూతి విప్పి, ముందు వెదురు పుల్లతో గీకి, గుడ్డతో తుడిచి, ఒకసారి వాడాక మడ్డి దిగనిచ్చి తేర్చిన పాత అసిటోన్‌లో జాడించి, చివర్న మాత్రం కాస్త కొత్తది పోస్తాం. డబ్బాకు మూత ఎప్పుడూ బిగించే ఉంటుంది. వారంలో అయిపోయే డబ్బా నెల దాటి వస్తోంది. దగ్గు ఆగిపోయింది.

తర్వాత ఒక వానరోజు మధ్యాహ్నం, జల్లు కొడుతోందని తలుపులు మూశాను. ఆ రోజు గన్ను ముట్టుకోలేదు. వాసన లేదు. అటక మీద రెండుసార్లు దగ్గు వినిపించింది. బావ నా వైపు చూశాడు.

తలుపులు ఉన్నంతకాలం నా చెయ్యి వాటి మీదికే పోతుంది. ఆ మూసిన గాలిలో బావ కూడా నాతోపాటు లోపలే ఉంటాడు. ఆ వారమే టేకు తలుపుల జతను ఇచ్ఛాపురంలో పాత కలప కొనే వ్యాపారికి అమ్మేశాం.