తాడు మీద 750

నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి చేసిన 2021లో నేను పటాన్‌చెరులోని ఒక హాల్‌మార్కింగ్ కేంద్రంలో సీనియర్ అస్సేయర్‌ని, అంటే బంగారం స్వచ్ఛత తేల్చేదాన్ని. దుకాణం తన నగ ఎన్ని కేరట్లో రాసి పంపుతుంది. పరీక్షలో నిజమని తేలితే ముద్ర వేస్తాం, లేకపోతే తిప్పి పంపుతాం. ఇరవై రెండు కేరట్లకు 916, పద్దెనిమిదికి 750. చెప్పడానికి ఇంతే, పాటించడానికే నానా తంటాలు.

ఒకసారి బీరంగూడ దుకాణం నుంచి పుస్తెలతాడు వచ్చింది. 916 అని రాసి పంపారు. ఎక్స్-రే యంత్రం 750 చూపింది. కిరణం టంకం వేసిన అతుకు మీద పడి తక్కువ చూపి ఉంటుందని మా మేనేజర్ అన్నాడు. ఆ దుకాణం మాకు పెద్ద ఖాతా మరి. అయితే ఫైర్ అస్సే చేస్తానన్నాను. నగ నుంచి కాస్త గీరి, వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి కొలిమిలో పెడతాం. సీసం, రాగి మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసను పల్చగా సాగదీసి యాసిడ్‌లో మరిగిస్తే వెండి కూడా పోయి బంగారమొక్కటే మిగులుతుంది. తూచాను. మళ్ళీ 750నే.

దుకాణం సేటు పరుగున వచ్చాడు. తాడు చేయించుకునేది ఒక అత్తాకోడళ్ళు. కోడలు పద్దెనిమిదే అడిగిందట, అత్త ఇరవై రెండు తప్ప ఒప్పుకోనందట. పైన 916 ఉంటే ఇంట్లో గొడవ ఉండదని అతని ఆలోచన. కోడలికి ఈ సంగతి తెలుసా అంటే ఇంకా చెప్పలేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరినీ పిలిపించమన్నాను. ఒక్క ముద్రకు ఇంత పరేషాన్ ఎందుకని మేనేజర్ గొణిగాడు. ముద్ర వేసేది నా చేయి అని గుర్తుచేశాను.

కోడలు పద్మది లక్డారం. కుళాయిల ఫ్యాక్టరీలో పని. బరువైన ట్రేలు ఛాతీకి ఆనించి మోస్తుంటే మెత్తటి ఇరవై రెండు కేరట్ల తాడు అరిగి, తెగి, ఇత్తడి రజనులో పడిపోయింది. అందరూ చూస్తుండగా రజనంతా జల్లెడ పట్టి వెతుక్కుందట. మళ్ళీ ఇలా జరిగితే తాడైనా ఇంట్లో పెట్టు, పనైనా మానెయ్ అని సూపర్‌వైజర్ తేల్చేశాడు. తీసి పెడితే అత్తగారు గడప దాటనివ్వరు. అందుకే గట్టిగా ఉండే పద్దెనిమిది అడిగింది.

జరిగింది విన్నాక అత్తగారికి సేటు మీద కోపం రాలేదు. పుస్తెలతాడు తక్కువ బంగారమని తెలిస్తే నలుగురిలో పరువు పోతుందనీ, ఆయన చెప్పినట్టు 916 కొట్టించుకుంటే పీడా పోతుందనీ ఆమె అన్నారు. పద్మ నా బల్ల మీది తాడు చేతిలోకి తీసుకుంది.

“నలుగురొచ్చి నా ట్రేలు మోస్తరా అత్తమ్మా? పుస్తెలు మీరు పెట్టింది ఒకటి, మా తల్లిగారోళ్ళు పెట్టింది ఒకటి, గట్లనే ఉంటయి. తాడు నాకు ఆగాలె. దొంగ ముద్ర ఏస్కొని నేనెందుకు తిరగాలె?” అని నావైపు తిరిగింది. “ఉన్నదే కొట్టుండ్రి మేడం.”

అత్తగారు మొహం తిప్పుకున్నారు. సేటు రాత మార్చి ఇచ్చాడు. 750 కొట్టాను.

ఆ తర్వాత ఆ దుకాణం సరుకు వేరే కేంద్రానికి పోయింది. మేనేజర్ నాతో మాట్లాడటం మానేశాడు. నేను రిటైరయ్యేదాకా అదే కుర్చీలో కూర్చున్నాను, అలాగే కొట్టాను.

పద్దెనిమిది కేరట్లు తక్కువ బంగారమని ఇప్పటికీ నా ముందు ఎవరైనా అంటే ఊరుకోను. నగలో బంగారం ఎంతుందో చెప్పడం అస్సేయర్ పని. ఎంత ఉండాలో చెప్పడం వేసుకునే మనిషి పని. మూడో మనిషికి అక్కడ పని లేదు.